గీజరు, థర్మోస్టాట్, తితిక్ష

శమాది షట్కసంపత్తిలో తితిక్ష నాలుగవది. శీతోష్ణాలను, సుఖదుఃఖాలను సహించగలగడమే తితిక్ష అని తత్త్వబోధ నిర్వచనం. భగవద్గీత ద్వితీయాధ్యాయంలో గీతాచార్యుడు ఉపదేశారంభంలోనే అర్జునునికి ఈ సాధనను విధించాడు. ఇంద్రియాలు విషయాలను తాకడం వల్ల శీతోష్ణాలు కలుగుతాయనీ, అవి వచ్చిపోయేవే కనుక ఓర్చుకోవాలనీ అక్కడి తాత్పర్యం. శ్రీకాకుళంలో నాగావళీ తీరాన నివసించే ఒక విశ్రాంత తెలుగు పండితులు ఈ ఘట్టాన్ని ముప్పై ఏళ్ళపాటు సభలలో వ్యాఖ్యానించారు. దాని అర్థం ఆయనకు బోధపడింది డెబ్బైయవ ఏట, స్నానాల గదిలో పదిహేను లీటర్ల గీజరు ముందు నిలబడినప్పుడు.

ఆయన ధర్మపత్నికి రెండేళ్ళ క్రితం పక్షవాతం వచ్చింది. మాటకు లోపం రాలేదు గాని కుడి చేయి, కుడి కాలు స్వాధీనం తప్పాయి. ఆ వ్యాధిలో చలనంతో పాటు స్పర్శజ్ఞానం కూడా నశించవచ్చునన్న సంగతి చాలామందికి తెలియదు. ఆమె కుడి పాదానికి చన్నీళ్ళూ వేన్నీళ్ళూ ఒక్కటే. అందుచేత ప్రతి ఉదయం స్నానం చేయించేముందు బకెట్లో మొదట చన్నీళ్ళు, ఆపైన వేన్నీళ్ళు పట్టి, మోచేయి ముంచి చూడడం ఆయన నియమం. అరచేతికి కాఠిన్యం ఎక్కువ, మోచేతికి వేడి త్వరగా తెలుస్తుంది.

మొదటి సంవత్సరం ఆమె రాత్రివేళ పిలిస్తే ఆయన గుండె ఝల్లుమనేది. తరువాత విసుగు కలిగేది. ఆ తరువాత ఏమీ కలగడం మానేసింది. లేచేవారు, చేయవలసింది చేసేవారు, పడుకునేవారు. ఆ స్థితిని ఆయన వైరాగ్యమనుకున్నారు. ద్వంద్వాలు తనను బాధించడం లేదని ఒక మిత్రునితో తృప్తిగా చెప్పుకున్నారు కూడా.

మాఘమాసం ప్రవేశించింది. రథసప్తమికి ఇంకా నాలుగు రోజులుంది. ఆ సాయంత్రం ఆమె కాళ్ళకు నూనె రాస్తుండగా కుడి పాదం మీద రూపాయి బిళ్ళంత బొబ్బ కనిపించింది. ఉదయం తాను మోచేయి ముంచలేదని ఆయనకు అప్పుడు జ్ఞాపకం వచ్చింది.

"ఎప్పుడు కాలిందండీ? నాకు తెలియనే లేదు" అన్నారు ఆమె.

ఆయన సమాధానం చెప్పలేకపోయారు. వైద్యుడు లేపనం ఇచ్చి, గాయం చిన్నదేనని ధైర్యం చెప్పారు. అయితే ఆ గాయం ఇంకా పెద్దది కావడానికి ఎంతో కాలం పట్టదు. అరవై డిగ్రీల నీరు ఐదారు సెకన్లలో చర్మాన్ని లోతుగా కాల్చగలదు. అదే యాభై డిగ్రీలైతే కొన్ని నిమిషాలు పడుతుంది.

మర్నాడు తెల్లవారుజామున గీజరు స్విచ్ వేస్తే నీళ్ళు చల్లగానే వచ్చాయి. విద్యుత్తు వచ్చినట్లు చెప్పే దీపం వెలుగుతోంది, వేడెక్కుతున్నట్లు చెప్పే దీపం వెలగడం లేదు. పన్నెండేళ్ళుగా ఆ యంత్రాన్ని వాడుతున్నా ఆ రెండు దీపాల భేదం ఆయన ఎన్నడూ గమనించలేదు. రెండవ దీపం కూడా వెలుగుతూ నీళ్ళు కాగకపోతే లోపం కాయిల్‌లో ఉన్నట్టు. ఇలా మొదటిది మాత్రమే వెలిగితే థర్మోస్టాట్‌నో దాని పైనున్న కటౌట్‌నో శంకించాలి.

కబురందుకుని వచ్చిన మెకానిక్ మెయిన్ ఆపి, అడుగు మూత విప్పి చూపించాడు. ట్యాంకులోకి దిగిన సన్నని రాగి గొట్టంలో ద్రవం ఉంటుంది. నీరు కాగేకొద్దీ ఆ ద్రవం వ్యాకోచించి, నిర్ణీత తాపం రాగానే విద్యుత్ స్పర్శను విడదీస్తుంది. నీరు కొన్ని డిగ్రీలు చల్లారగానే మళ్ళీ కలుపుతుంది. అంటే నీటి తాపం ఒకేచోట నిశ్చలంగా నిలిచి ఉండదు. కొంత పెరిగి, కొంత తగ్గి, మళ్ళీ వెనుకకు వస్తూ ఉంటుంది. ఈ పని విఫలమైతే కాపాడడానికి రెండవ ద్వారపాలకుడు కటౌట్. అది ఒకసారి తెగితే తనంతట తాను కలవదు, మనిషి చేత్తో చిన్న మీట నొక్కవలసిందే. ప్రసంగవశాత్తు ఒక విశేషం: గదుల వేడిని అదుపు చేసే విద్యుత్ థర్మోస్టాట్‌కు అమెరికాలో 1883లో పేటెంట్ పొందిన వారెన్ జాన్సన్ కూడా ఒక ఉపాధ్యాయుడే.

మెకానిక్ నాబ్‌ను ఇటునుంచి అటు తిప్పాడు. వినిపించవలసిన టిక్ శబ్దం వినిపించలేదు.

"పాయింట్లు అంటుకుపోనాయి మాస్టారూ. ఎంత కాగినా ఇది ఒగ్గదు. అందుకే మొన్న అంతలా మరిగిపోయి కటౌట్ కొట్టేసింది."

"కొత్తది వెయ్యి నాయనా."

"ఈ మోడల్‌ది తెప్పించాల. రెండు రోజులు పడతాది. పండగ గదా, ఈలోగా ఇవి రెండూ తప్పించి డైరెక్టు చేసేమంటారేటి? ఇరవై నిమిషాలయ్యాక మీరే చూసుకుని స్విచ్ కట్టేసుకుంటే సరిపోద్ది."

అతని లెక్కలో తప్పు లేదు. మాఘమాసపు నీరు పదిహేను లీటర్లు అరవై డిగ్రీలకు చేరడానికి రెండు వేల వాట్ల కాయిల్‌కు సుమారు ఇరవై నిమిషాలు చాలు. కాని ఇరవై ఒకటవ నిమిషంలో దాన్ని ఆపేది ఏదీ ఉండదు. ఆవిరి పీడనం పెరిగి ట్యాంకు పగిలే ప్రమాదం కూడా ఉంది. తొందరలో చాలా ఇళ్ళలో ఈ 'డైరెక్టు'కు ఒప్పుకుంటారు, ఒప్పుకోకూడదు.

"చూసుకోవడమే కుదరలేదు నాయనా. అందుకే కాలింది" అన్నారు ఆయన.

ఆ రెండు రోజులూ గ్యాసు పొయ్యి మీద గిన్నెతో నీళ్ళు కాచారు. కాగే నీటి ముందు నిలబడినప్పుడల్లా తన వ్యాఖ్యానమే ఆయనకు ఎదురుతిరిగేది. ఆమె కుడి పాదం వేడిని సహించిందా? లేదు, దానికి వేడి తెలియనే లేదు. గీత చెప్పిన ఓర్పుకు స్పర్శ మూలం. స్పర్శ కలగాలి, అది బాధించాలి, బాధించినా చిత్తం చలించకుండా కర్తవ్యం నడవాలి. స్పర్శే నశించినచోట తితిక్ష అన్న మాటకు తావు లేదు. మరి ఏడాదిగా తనలో ఉన్నది ఏమిటి? ఇంట్లో రోగిని సేవించేవారికి వైరాగ్యాన్ని బోధించే పౌరాణికులు ఈ భేదాన్ని విడమరచి చెప్పడం అరుదు. ఆయన కూడా ఎన్నడూ చెప్పలేదు.

రెండవ రాత్రి ఆమె మంచం పక్కన కూర్చుని, "ఆ రోజు నేను చేయి పెట్టి చూడలేదు" అన్నారు.

"నాకు తెలుసండీ. మీరు నన్ను కూడా చూసి చాన్నాళ్ళయింది" అన్నారు ఆమె. ఆ కంఠంలో నిష్ఠురం లేదు. ఆయన కళ్ళు చెమర్చాయి. చాలాకాలానికి ఏదో తాకింది.

సప్తమికి ముందురోజు మధ్యాహ్నం కొత్త థర్మోస్టాట్ వచ్చింది. పాత గొట్టం చుట్టూ పేరుకున్న బోరు నీటి సున్నపు పెచ్చులను మెకానిక్ గోకి తీశాడు. ఆ పొర మందమైతే నీటి వేడి గొట్టానికి ఆలస్యంగా తెలుస్తుందట. నాబ్‌ను యాభై దగ్గర నిలిపి, కటౌట్ మీట నొక్కి, మూత బిగించి స్విచ్ వేశాడు. రెండు దీపాలూ వెలిగాయి. కొంతసేపటికి టిక్‌మని రెండవ దీపం ఆరిపోయింది. పండితులు అక్కడే నిలబడి, అది మళ్ళీ వెలిగేదాకా వేచి చూశారు.

రథసప్తమి నాడు అర్ధరాత్రి నుంచే వీధిలో అరసవల్లికి నడిచి వెళ్ళే జనం అలికిడి. ఆయన ప్రతి ఏటా ఆదిత్య దర్శనానికి వెళ్ళేవారు, ఈసారి ఇంటనే ఉన్నారు. సూర్యోదయానికి ముందు ఆమెను కుర్చీలో కూర్చోబెట్టి, తలమీద, భుజాలమీద జిల్లేడు ఆకులు ఉంచారు. బకెట్లో మోచేయి ముంచారు. ఒక చెంబు తీసుకుని ముందుగా ఎడమ పాదం మీద పోశారు.

"ఎలా ఉన్నాయి?"

"చల్లగా ఉన్నాయండీ. ఇంకొంచెం వేడి కలపండి."

ఆయన వేన్నీళ్ళ కుళాయి తిప్పి, మళ్ళీ మోచేయి ముంచారు.