వెండికొండ అనుకున్న ఇనుప కొండ

మెక్సికోలోని దురాంగో నగరానికి ఉత్తరపు అంచున ఉన్న సెర్రో దె మెర్కాదో ఇనుప కొండ. పసుపుపచ్చ అపటైట్ స్ఫటికాల కోసం వెళ్లేవారికి అక్కడ మొదట కనబడేది తవ్వకం తినేసిన గుట్ట, మెట్లు మెట్లుగా దిగే గని గొయ్యి. 1552లో హినేస్ వాస్కెస్ దెల్ మెర్కాదో అనే స్పానిష్ దండనాయకుడు వెండికొండ ఉందన్న మాట నమ్మి ఇక్కడిదాకా వచ్చాడు. దొరికింది ఇనుము. తిరుగుదారిలో స్థానికుల దాడిలో గాయపడి, కొన్నాళ్లకే చనిపోయాడు. ఆయన పేరు మాత్రం కొండకు ఉండిపోయింది.

గనిలోని రాయి నల్లగా, బరువుగా ఉంటుంది. గీస్తే ఎర్రటి పొడి రాలుతుంది. అది హెమటైట్. ఒకప్పుడు మాగ్నటైట్‌గా ఉన్నదే చాలావరకు ఇలా మారింది. దాని తొర్రల్లో, చీలికల్లో ఉంటాయి స్ఫటికాలు. ఆరు పలకల స్తంభం, పైన ఆరు పలకల శిఖరం, లోపలికి చూపు పోయేంత గాజుతనం. సాధారణంగా వేలి కణుపంత ఉంటాయి. గనివాళ్లకు ఫాస్ఫరస్ ఉన్న ఈ అపటైట్ చీడ. ముడిఇనుములో ఫాస్ఫరస్ మిగిలితే ఉక్కు చలికి పెళుసెక్కుతుంది. సేకరించేవారికి కావలసింది ఆ చీడే.

ఇది ఫ్లోరపటైట్: కాల్షియం, ఫాస్ఫేట్, ఫ్లోరిన్. ఎముకల్లో, పళ్లలో ఉండేది దీని దగ్గరి చుట్టమే. ఆంధ్రలో కాశీపట్నం దగ్గర కూడా అపటైట్ ఉంది. దాన్ని అడిగేది ఎరువు కోసం, అందం కోసం కాదు. చూపుకు వేరే రత్నమేమోనన్న భ్రమ కలిగిస్తుందనే 1786లో ఖనిజశాస్త్రవేత్త వెర్నర్ అపటైట్‌కు గ్రీకులో ‘మోసగించు’ అనే అర్థమున్న మాట నుంచి పేరు పెట్టాడు. భ్రమ తీరాలంటే చాకుమొన చాలు. మోస్ కొలతలో దీని గట్టిదనం 5 మాత్రమే కనుక గీత పడుతుంది, అందుకే ఉంగరానికి పనికిరాదు. గాటు లేని కొస ఉన్నదానికే విలువ. నల్లరాతిని అంటిపెట్టుకుని ఉన్నది ఇంకా అపురూపం, ఎందుకంటే తవ్వేటప్పుడు చాలావరకు ఊడిపోతాయి. తుప్పుమరక పోగొట్టాలని హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో ముంచితే మరకతోపాటు మెరుపూ పోతుంది, స్ఫటికమే కరుగుతుంది.

అద్దాల బీరువాల కన్నా ప్రయోగశాలల్లో ఈ రాయికి పేరెక్కువ. ఇందులో అరుదైన మృత్తికా మూలకాలతోపాటు కొద్దిగా యురేనియం, అంతకు మించి థోరియం ఉన్నాయి. యురేనియం పరమాణువు దానంతటది చీలినప్పుడు స్ఫటికంలో సన్నటి గాయం మిగులుతుంది. నునుపు చేసిన పలకను నత్రికామ్లంతో తడిపితే ఆ గాయం వెడల్పై సూక్ష్మదర్శినిలో గీతలా కనబడుతుంది. గీతలు లెక్కపెట్టి, యురేనియం ఎంత ఉందో దానితో పోల్చితే వయసు తేలుతుంది. యురేనియం, థోరియం క్షయించగా లోపల పేరుకున్న హీలియంతో లెక్కించడం మరో దారి. లోతుల్లో నెమ్మదిగా చల్లారిన రాళ్లలో ఈ రెండు లెక్కలూ తరచు వేరుపడతాయి. ఇక్కడిది అగ్నిపర్వతపు రాయి, త్వరగా చల్లారింది, లెక్కలు కలుస్తాయి. చుట్టూ ఉన్న అగ్నిపర్వత శిలలను బట్టి తేలిన వయసు దాదాపు 3.14 కోట్ల సంవత్సరాలు. అందుకే వేరే రాళ్ల వయసు కట్టేవారు ముందుగా దురాంగో ముక్కతో తమ కొలతను సరిచూసుకుంటారు.

వయసు తేలినా, ఈ కొండలోని ఇనుము లావాగా పొంగి వచ్చిందా, వేడినీళ్లు మోసుకొచ్చి పేర్చాయా అన్నదానిపై భూవిజ్ఞానుల మధ్య వాదం ఇంకా తెగలేదు.