లగ్నం లేని జాతకం

చెన్నైలో తిరువాన్మియూరు దాటి మహాబలిపురం రోడ్డు పట్టుకుంటే ఇంజంబాక్కం వస్తుంది. అక్కడ ఎడమ చేతి వైపు, సముద్రం దిక్కున ఉంది చోళమండలం కళాకారుల గ్రామం. చుట్టూ అపార్ట్‌మెంట్లు పెరిగాయి కానీ గేటు లోపల చెట్లు, రాతి శిల్పాలు, చిత్రకారుల ఇళ్లు అలాగే ఉన్నాయి.

1966లో దీన్ని నెలకొల్పింది కె.సి.ఎస్. పణిక్కర్, ఆయన శిష్యులు. అప్పటికాయన మద్రాసు ఆర్ట్స్ అండ్ క్రాఫ్ట్స్ కళాశాల ప్రిన్సిపాల్. చదువైపోయిన కుర్రాళ్లు బతుకుతెరువు కోసం ఏదో ఉద్యోగంలో చేరి బొమ్మలు మానేయడం ఆయన్ని కలవరపెట్టింది. అందరూ కలిసి బాతిక్ మొదలుపెట్టారు. మైనం కాచి బట్ట మీద గీత గీయడం, రంగులో ముంచడం, వేడినీళ్లలో మైనం కరిగించి తీసేయడం. అలాంటి పనుల మీద వచ్చిన డబ్బుతోనే ఈ నేల కొన్నారు. కళాకారుడి అస్తిత్వాన్వేషణ గురించి మనం పేజీలు నింపుతాం కానీ, ఇంటద్దె ఎవరు కడతారన్న ప్రశ్నకు ముందు జవాబు చెప్పుకున్నవాళ్లు వీళ్లే.

2009లో ఇక్కడ తెరిచిన మ్యూజియంలో మద్రాసు కళోద్యమం మొత్తం కళ్ల ముందుంటుంది. నేను ఎక్కువసేపు నిలబడిపోయింది మాత్రం పణిక్కర్ ‘పదాలు–సంకేతాలు’ వరసలోని చిత్రం దగ్గరే. 1911లో కోయంబత్తూరులో పుట్టిన ఈ మలయాళీ, టెలిగ్రాఫ్ శాఖలో కొలువు చేసి, పాతికేళ్ల వయసులో చిత్రకళ చదువుకు వచ్చాడు. నీటిరంగుల్లో పేరు తెచ్చుకున్నాడు. వాన్‌గో ప్రభావమూ పడింది. 1954లో లండన్, పారిస్‌లలో ప్రదర్శనలు పెట్టి వచ్చాక, తన బొమ్మలో తనదెంత అన్న ప్రశ్న బిగుసుకుంది. కామర్స్ విద్యార్థి నోటుపుస్తకంలో అంకెలు, అక్షరాలు కిక్కిరిసిన పుట ఒకటి ఆయన కంటపడిందట. 1963 నుంచి ఆయన కాన్వాసు పుటలా మారిపోయింది.

దగ్గరికెళ్తే మలయాళ లిపి అనిపిస్తుంది. ఇంకాస్త దగ్గరికెళ్తే ఏ లిపీ కాదు. వంపులూ సున్నాలూ బారులు తీరి ఉంటాయి. మధ్యలో గళ్లు, బీజగణితం గుర్తులు, ఒక చేప, ఒక పిట్ట.

నా పక్కన నెల్లూరు యాసలో మాట్లాడుతున్న పెద్దాయన కళ్లద్దాలు పైకి తోసి, గళ్లలో వేలితో గాలిలోనే లెక్క పెడుతున్నారు.

“ఇందులో లగ్నం యాడుందండీ? పన్నెండు గళ్లుండాల గదా?”

“ఇది జాతకం కాదు నాన్నా, అబ్‌స్ట్రాక్ట్” అన్నాడు కొడుకు.

“కాకపోతే జాతకం మాదిరి ఎందుకేశాడు?”

వ్యాసాలు దాటేసే ప్రశ్న అది. దేవుళ్లనో పల్లెపడుచులనో వేసి బొమ్మను మనదనిపించుకోవచ్చు. పణిక్కర్ అర్థాన్ని తీసేసి, పాత కాగితం మీద చేతిరాత ఎలా కనబడుతుందో అది మాత్రమే ఉంచాడు. చదవడానికి ఏమీ లేదు. అయినా పెద్దాయన వేలు అలవాటుగా లగ్నాన్ని వెతికింది. ఇదే చిత్రం ముందు ఓ పారిస్ సందర్శకుడికి ఆ ఇబ్బంది ఉండదు, ఆ చనువూ ఉండదు.

రాతను, సంకేతాన్ని బొమ్మగా మార్చే ఆ దారిలో వచ్చినవాళ్లందరూ నాకు ఒకేలా నచ్చరు. చిత్రకారుడు సుల్తాన్ అలీ గిరిజన రూపాల పక్కన రాసిన రాతల్లో పట్టుదల కనిపిస్తుంది. కానీ దేశమంతటా తర్వాత తర్వాత త్రికోణం, బిందువు, యంత్రం పెడితే చాలు భారతీయత వచ్చేసిందన్న ధోరణి ప్రబలింది. అది వెతుకులాట కాదు, రేషన్ కార్డు చూపించడం.

బయటికొస్తూ, పణిక్కర్ చిత్రాలు తిరువనంతపురంలో ఒక గ్యాలరీ నిండా ఉన్నాయని కొడుకుతో అన్నాను. సమాధానం తండ్రి నుంచి వచ్చింది.

“ఆడన్నా లగ్నం ఏశాడా?”