పలకరింపు లేని చీటీలు

పెళ్లింట్లో పోయిన చెంబును వెతకడం సులువు. పోయిందని తెలుసు గనుక. ఎవరూ పలకరించక ఓ మూల కూర్చున్న మనిషిని వెతకడమే కష్టం. పిలుద్దామంటే ఆ పేరే గుర్తుకు రాదు కదా!

కంప్యూటర్లో దాచుకున్న రాతలకూ ఇదే తంటా. మా పుట్టిల్లు ఎమ్మిగనూరు, మెట్టినిల్లు ఆదోని. అమ్మ పాత నోటుపుస్తకాల్లో రాసుకున్నవన్నీ – గురెళ్ల పొడి పాళ్లు, జాతర ఖర్చులు, మగ్గం లెక్కలు – తీరిక దొరికినప్పుడల్లా ఆబ్సిడియన్ అనే సాఫ్ట్‌వేర్‌లోకి ఎక్కిస్తున్నాను. 2020లో వచ్చిందది. ఒక్కో విషయానికి ఒక్కో చీటీ. ఒక చీటీలో ఇంకో చీటీ పేరును జంట చదరపు బ్రాకెట్లలో రాస్తే రెంటికీ ముడి పడుతుంది. తెగిన పోగు అతికినట్టే.

మరి ఏ ముడీ వేయని చీటీలు ఏవి? వెతికే గడిలో -/\[\[/ అని కొట్టాలి. చంటిపిల్ల గీసిన ముగ్గులా ఉందంటారా? అర్థం తేలికే. రెండు ఏటవాలు గీతల మధ్య ఉన్నది నమూనా. లోపలి వెనకవాలు గీతలు బ్రాకెట్‌ను ఉత్త బ్రాకెట్‌గానే చూడమంటాయి. ముందున్న మైనస్ ‘ఇది లేనివే చూపించు’ అంటుంది. అలా తేలినవన్నీ ఒంటరివనుకోకండి. వేరే చీటీ వచ్చి దీనికి ముడేసి ఉండొచ్చు. అదీ చూసుకోవాలి.

పేర్లతో మరో చిక్కు. అమ్మ ఒకచోట ఎమ్మిగనూరు అని రాస్తే, ఇంకోచోట యెమ్మిగనూరు. /(ఎ|యె)మ్మిగనూరు/ అని కొడితే రెండూ దొరుకుతాయి. నిలువుగీతకు ‘లేదా’ అని అర్థం.

చివరికి పదకొండు చీటీలు మిగిలాయి. అన్నీ ఆడవాళ్ల సంగతులే! నాన్న చీటీకి మాత్రం బోలెడు ముడులు. 1938లో మాచాని సోమప్పగారు స్థాపించిన చేనేత సహకార సంఘంతో ముడి, 1953లో ఆదోని బళ్లారి జిల్లా నుంచి విడివడి ఆంధ్రలో కలిసిన ముచ్చటతో ముడి. మిగిలినవాటిలో ఒకదానిలో ఒకటే వాక్యం: “ఈ వారమూ కండెలన్నీ ఆమే చుట్టింది.” పేరుంటేనేగా ముడి పడేది!

ఎమ్మిగనూరులో పెద్దమ్మకు ఫోన్ చేశాను.

“ఇంకెవురే, మీ చిన్నత్త! మీ నాయన మగ్గమంతా ఆ చేతుల మీదనే నడిచె.”

మగ్గం నాన్నది, కూలి నాన్న పేరున. కండె లేనిదే నాడె ఆడేదెట్లా? ఆ సాయంత్రమే అత్త పేరు బ్రాకెట్లలో పెట్టి నాన్న చీటీకీ, మగ్గం చీటీకీ ముడేశాను. ఇంకా పది ఉన్నాయి. పెద్దమ్మకు ఎనభై దాటింది.

కంప్యూటరు లేకున్నా ఈ వెతుకులాట మీరూ చేయొచ్చు. మీ ఇంటి ఆల్బంలోనూ పేరు తెలియని మొహం ఒకటుండే ఉంటుంది. ఆమెను ఎరిగిన పెద్దావిడ ఫోనెత్తుతుండగానే అడిగేయండి మరి!