ఆ రైలుకి డబ్బులెవులిత్తారు?

మొన్న సంక్రాంతికి అరకు వెళ్లినప్పుడు ఫోన్‌లో వైజాగ్ మెట్రో మ్యాప్ తీసి అమ్మమ్మకి చూపించా. హైదరాబాద్‌లో నేను రోజూ ఆఫీసుకి ఎక్కే రైలు లాంటిదే వైజాగ్‌కీ వస్తుందట అని చెప్పా. ఫోన్‌ని దూరంగా పట్టుకుని, కళ్లు చికిలించి ఆ రంగు గీతల్ని చూసింది.

"ఏట్రా బాబూ, గాల్లో ఎల్తాదా?"

"అవును అమ్మమ్మా, స్తంభాల మీద."

"మరి డబ్బులెవులిత్తారు?"

"గవర్నమెంటు" అన్నా. "గవర్నమెంటంటే ఎవులు?" అని అడిగి, జవాబు కోసం చూడకుండా పొయ్యి దగ్గరకి వెళ్లిపోయింది. నాకూ తెలీదు. ఆ రాత్రి దుప్పటి కప్పుకుని, సిగ్నల్ దొరికినంతసేపు అదే చదివా.

వైజాగ్ మెట్రో మొదటి దశ 46.23 కిలోమీటర్లు. మూడు లైన్లు, 42 స్టేషన్లు. పెద్దది స్టీల్‌ప్లాంట్ నుంచి కొమ్మాది దాకా. మిగతా రెండూ గురుద్వారా నుంచి పాత పోస్టాఫీసు, తాటిచెట్లపాలెం నుంచి చినవాల్తేరు. అంచనా ఖర్చు 11,498 కోట్లు. అంటే కిలోమీటరుకి దాదాపు 249 కోట్లు. విభజన చట్టంలో 2014లోనే దీని ప్రస్తావన ఉంది. టెండర్లు పిలిచింది 2025లో. మధ్యలో పదకొండేళ్లు ఎక్కువగా నలిగింది అమ్మమ్మ అడిగిన ప్రశ్న దగ్గరే.

మన దేశంలో చాలా మెట్రోలకి డబ్బు వచ్చే దారి ఒకటుంది. కేంద్రం, రాష్ట్రం చెరో 20 శాతం దాకా పెడతాయి. మిగతా 60 శాతం చుట్టుపక్కల అప్పు. జపాన్ సంస్థ జైకా, ఆసియా అభివృద్ధి బ్యాంకు లాంటివాళ్లు ఇస్తారు. వడ్డీ తక్కువ, గడువు ఎక్కువ. టికెట్ డబ్బులతో వాయిదాలు తీరకపోతే ఆ భారం రాష్ట్ర ఖజానాది. ఈ లెక్కన వైజాగ్‌కి అప్పు ఒక్కటే దాదాపు 6,900 కోట్లు అవుతుంది. నేను రిటైరయ్యే వయసుకి కూడా ఇది తీరుతూనే ఉండొచ్చు.

"అయితే ప్రైవేటువాళ్లకి ఇచ్చేస్తే పోలా?" అంటాడు నా రూమ్మేట్. ఆ ముచ్చటా హైదరాబాద్‌లో తీరింది. 2008లో మేటాస్ గ్రూపు ఇంకా తమాషా చేసింది. ప్రభుత్వం మాకేమీ ఇవ్వక్కర్లేదు, మేమే మీకు 30,311 కోట్లు ఇస్తామని బిడ్ వేసింది. 2009 జనవరిలో సత్యం కుంభకోణం బయటపడింది, ఆ ఒప్పందం రద్దయింది. 2010లో ఎల్ అండ్ టీ వచ్చింది. 1,458 కోట్ల సాయం అడిగి, టికెట్లతో పాటు మాల్స్, ఆఫీసుల అద్దెల మీద ఆశ పెట్టుకుంది. 2017లో రైలు నడిచింది. కొవిడ్‌కి నెలల తరబడి ఆగింది. నష్టాలు పేరుకున్నాయి. చివరికి 2025 సెప్టెంబరులో తెలంగాణ ప్రభుత్వం దాన్ని తానే తీసుకుంటానంది, సుమారు 13,000 కోట్ల అప్పుతో సహా.

మా ఫీల్డులో దీన్ని టెక్నికల్ డెట్ అంటాం. ఇవాళ దాటేసిన పని రేపు వడ్డీతో మన టేబుల్ మీదకే వస్తుంది. అయినా ఆ మెట్రో లేని హైదరాబాద్‌ని నేను ఊహించుకోలేను. అమీర్‌పేటలో వానకి ట్రాఫిక్ ఆగిపోయినప్పుడు పైనుంచి వెళ్లిపోయేవాళ్లలో నేనూ ఒకణ్ని. కాబట్టి మెట్రో దండగ అని నేననను. బిల్లు ఎవరి పేరు మీద ఉందో ముందే చెప్పండి అంటున్నా.

ఎందుకంటే డబ్బు ఎక్కణ్నుంచి వస్తుందో, రైలు వాళ్ల కోసమే నడుస్తుంది. ఇది నాకు మా ఊరి రైలే నేర్పింది.

వైజాగ్ నుంచి అద్దాల బోగీలో అరకు వచ్చి, సొరంగాల దగ్గర కేకలేసి రీల్స్ తీసుకున్నవాళ్లు మీలో చాలామందే ఉంటారు. ఆ కొత్తవలస–కిరండూల్ లైన్‌ని 1960లలో జపాన్ సహకారంతో వేశారు. బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని వైజాగ్ పోర్టుకి, అక్కణ్నుంచి జపాన్ ఉక్కు ఫ్యాక్టరీలకి చేర్చడానికి. 58 సొరంగాలు తవ్వింది రాయి కోసం. మనుషులం తర్వాత ఎక్కాం. ఇప్పటికీ మా స్టేషన్లో కూర్చుంటే ముందు గూడ్సులే కనిపిస్తాయి.

పగటి ప్యాసింజర్ టైము చూడండి. పొద్దున్నే వైజాగ్‌లో బయల్దేరి కొండెక్కుతుంది, సాయంత్రం కొండ దిగుతుంది. టూరిస్టుకి చక్కగా కుదిరింది. కొండమీద నుంచి పొద్దున్నే ఆస్పత్రికి వెళ్లాల్సినవాడికి సరిగ్గా తిరగబడింది. రెండేళ్ల కింద అమ్మమ్మ కంటి ఆపరేషన్‌కి మేం బస్సులోనే దిగాం. ఘాట్‌రోడ్డు మలుపుల్లో మూడుసార్లు వాంతి చేసుకుంది. కాంప్లెక్సులో దిగాక ఆటోవాడితో బేరం. ఆవిడ ఆస్పత్రికి చేరేసరికి ఓపీ చీటీలు ఆపేశారు. ఆ రాత్రి పెద్దమ్మ వాళ్లింట్లో పడుకుని మర్నాడు మళ్లీ వెళ్లాం.

ఇంకో లెక్క చెప్తా. 2025 ఏప్రిల్‌లో మా పక్కనే డుంబ్రిగుడ మండలం పెదపాడులో 'అడవితల్లి బాట' మొదలైంది. 625 గిరిజన ఆవాసాలకి రోడ్లు, 1,005 కోట్లు. వైజాగ్ మెట్రో లెక్కలో అది నాలుగు కిలోమీటర్లు.

నిజమే, రెండూ ఒకటి కావు. మెట్రో రోజుకి లక్షల మందిని మోస్తుంది, మా గూడేనికి పడే రోడ్డు వంద మందిని. కానీ అడిగే తీరులో తేడా చూడండి. మామూలు గ్రామీణ సడక్ పథకంలో కొండ ప్రాంతంలోనైనా 250 మంది ఉంటేనే రోడ్డు. ఆదిమ తెగల కోసం వచ్చిన జన్‌మన్ పథకంలో దాన్ని వందకి దించారు. అంటే ఇక్కడ తలలు లెక్కపెట్టాకే తారు. డోలీలో మోసుకెళ్లే గర్భిణికి ఆ లెక్క తెలీదు.

మెట్రోకి డబ్బు పుట్టించే ఇంకో ఉపాయం కూడా ఉంది. రైలొస్తే చుట్టూ స్థలాల రేట్లు పెరుగుతాయి. ఆ పెరుగుదలలో కొంత పన్నుగా తీసుకుని రైలుకే వాడమని 2017 మెట్రో పాలసీ చెప్తుంది. నాకిది న్యాయంగానే అనిపిస్తుంది. కొమ్మాది, మధురవాడ వైపు 'మెట్రోకి దగ్గర్లో' అని ప్లాట్లు అమ్మేవాళ్ల రీల్స్ మీ ఫోన్లోకీ వచ్చే ఉంటాయి. ఇంకా ఒక్క స్తంభం లేవకముందే లాభం తీసుకునేవాళ్లు కొంత వెనక్కిస్తే తప్పేంటి?

మా దగ్గర ఆ ఉపాయం పనిచేయదు. 1/70 చట్టం ప్రకారం ఏజెన్సీలో మా భూమిని బయటివాళ్లు కొనలేరు. కొనకూడదు కూడా, అదొక్కటే మమ్మల్ని ఇక్కడ నిలబెట్టింది. కాబట్టి రోడ్డుకీ బస్సుకీ మా భూమి రేటు చూపించి డబ్బు తేలేం. ఇక్కడ ప్రజల సొమ్మే దిక్కు. నగరంలో స్థలాల మీద లాభపడేవాళ్లు మెట్రోకి తమ వాటా కడితే, ఖజానాలో ఆ మేరకి మిగిలేది కొండెక్కడానికి వీలుంటుంది. వాళ్లు కట్టకపోతే మెట్రో వాయిదా కాఫీ గింజలు అమ్ముకునే మా మావయ్య కొనే సబ్బు మీద జీఎస్టీలోంచి కూడా పోతుంది.

తిరిగొచ్చే రోజు పొద్దున అమ్మమ్మకి ఇదంతా వీలైనంత సులువుగా చెప్పా. కొంత కేంద్రం, కొంత రాష్ట్రం, ఎక్కువ అప్పు, ఆ అప్పు తీర్చేది మనందరం. ఆవిడ తాపీగా విని, "మనమూ ఇత్తన్నామన్నమాట" అంది.

"అవును అమ్మమ్మా."

"అయితే ఆ రైలోళ్లకి సెప్పు. పొద్దున్నే దిగే బండి ఒకటి ఎయ్యమను. నాకు రెండో కన్ను కూడా సేయించాల."