ముల్లు, చక్రం, దారం

పాత రేడియో బాగుచేసేవాడికి వాల్వుల గురించి మరీ అంత దిగులుండదు. ఇ.ఎల్.84 అని నంబరుంటే చాలు, ఏ కంపెనీ చేసిందైనా అదే సాకెట్లో కూర్చుంటుంది. అసలు వెతుకులాటంతా స్టేషన్లు తిప్పే భాగాల కోసమే. గ్యాంగ్ కండెన్సరు, దాని చక్రం, చిన్న కప్పీలు, స్ప్రింగు... వీటిని ఏ కంపెనీకి ఆ కంపెనీ, ఏ మోడలుకి ఆ మోడలుగా చేసుకుంది. మర్ఫీ చక్రం బుష్ సెట్టుకి పట్టదు.

హైదరాబాద్‌లో రెసిస్టర్లు, కెపాసిటర్లు కావాలంటే కోఠికి వెళ్తాను. ఈ భాగాలకు మాత్రం ఎర్రగడ్డ ఆదివారం సంతే దిక్కు. పెట్టె పగిలి, స్పీకరు చిరిగిన సెట్టు కనిపిస్తే ముందు గ్యాంగ్ చూస్తాను. తిప్పినప్పుడు రేకులు ఒకదానికొకటి తగలకూడదు. తగిలితే స్టేషను దగ్గర గరగరమంటుంది. తర్వాత చక్రం. కొన్నింటిని జింకు మిశ్రమంతో పోతపోశారు. ఏళ్లు గడిచేకొద్దీ అవి వాటంతటవే పగుళ్లిస్తాయి. అలాంటిది దొరికినా దండగే, లేతు మీద ఇత్తడితో చేయించుకోవడం మేలు.

చేయించేటప్పుడు కంటి అంచనా పనికిరాదు. గ్యాంగ్ తిరిగేది అర చుట్టే. ఆ అర చుట్టులో ముల్లు డయల్ అద్దం ఈ కొస నుంచి ఆ కొసకు చేరాలి. చక్రం వ్యాసం 63 మిల్లీమీటర్లైతే ముల్లు దాదాపు 99 మిల్లీమీటర్లు నడుస్తుంది. వ్యాసం 2 మిల్లీమీటర్లు తగ్గిందంటే ముల్లు 3 మిల్లీమీటర్లు వెనకబడుతుంది.

నాబ్ తిప్పితే చక్రాన్నీ ముల్లునీ నడిపే దారం విషయంలో చాలామంది గాలం నైలాన్ వేసేస్తారు. అది సాగుతుంది, నున్నటి నాబ్ ఇరుసు మీద జారుతుంది. సాగని అల్లిక దారం తీసుకుని, ఇరుసుకి రెండు మూడు చుట్లు వేసి, చక్రంలోని స్ప్రింగుకి బిగువుగా కట్టాలి. గ్యాంగ్ కింది రబ్బరు బుష్‌లు రాయిలా గట్టిపడి ఉంటే అవీ మార్చాలి. లేకపోతే స్పీకరు అదురు రేకులకు ఎక్కి, సౌండు పెంచగానే సెట్టు హోరెత్తుతుంది.

వేరే సెట్టు గ్యాంగ్ వేసేటప్పుడు ఇంకో సంగతి చూసుకోవాలి. అందులో ఒక భాగం ఏరియల్ వైపు, రెండోది ఆసిలేటర్ వైపు పనిచేస్తాయి. స్క్రూలు సరిపోయినంత మాత్రాన కెపాసిటీ సరిపోయినట్టు కాదు. కెపాసిటీ తేడా ఉంటే డయల్ మీద స్టేషను చోటు మారిపోతుంది. హైదరాబాద్ ఆకాశవాణి 738 కిలోహెర్ట్జ్ అంటే మీటర్లలో 406. ముల్లు ఆ గీత దగ్గరే స్టేషను పలికించాలి. పక్కన ఎక్కడో పలికితే నా లెక్కలో రేడియో బాగైనట్టు కాదు.

అందుకే అందరికీ ఒక మనవి. మీ అటక మీది రేడియో పలకకపోయినా పాత ఇనుము కింద అమ్మేయకండి. అద్దం, ముల్లు, చక్రం, గ్యాంగ్ విడదీయకుండా మెకానిక్‌కి ఇవ్వండి. అవన్నీ కలిసి ఉంటేనే అదే మోడలు ఇంకో సెట్టు బతుకుతుంది.