అటకెక్కిన మాట

టొరంటోలో జనవరి రాత్రి రెండింటికి ఫోన్ మోగింది. డేటాబేస్ సర్వర్ నత్తనడక నడుస్తోందిట. లాగిన్ అయి చూస్తే, లినక్స్ ఫైళ్ళ కాష్‌కి చోటివ్వడం కోసం డేటాబేస్ సరుకుని ర్యామ్‌లోంచి స్వాప్‌లోకి, అంటే డిస్కు మీదికి, నెట్టేస్తోంది.

స్వాప్ అంటే అటకే. రోజూ వాడనివి పైన పడేస్తాం, దింపాలంటే నిచ్చెన వెయ్యాలి. ఎంత తొందరగా అటకెక్కించాలో చెప్పే అంకె స్వాపీనెస్. మామూలుగా 60 ఉంటుంది, 10కి తగ్గించాను. అటకని మాత్రం తీసెయ్యలేదు. అదీ లేకపోతే ర్యామ్ నిండిన రోజు కెర్నెల్ ఏదో ఒక ప్రోగ్రామ్‌ని చంపేస్తుంది, తరచుగా అన్నిటికంటే పెద్దదాన్నే.

అంకె మార్చినంత మాత్రాన ఎక్కినవి వాటంతట అవి దిగవు. ఎవరైనా అడగాలి.

నిద్ర ఎలాగూ పోయింది. ఇండియాలో మధ్యాహ్నం కదా అని అమ్మకి ఫోన్ చేశాను. సంక్రాంతి అరిసెలకి పిండి సిద్ధం చేస్తోందిట.

"మన పాత... పిండి ఫిల్టర్ ఉందా అమ్మా?"

"జల్లెడరా! అదీ మర్చిపోయావా?"

అమ్మ నవ్వింది, నేనూ నవ్వాను. చిన్నప్పుడు ఆ జల్లెడ పట్టింది నేనే.

ఇప్పుడు వారం వారం ఫోన్ చేస్తున్నాను. ఏదో ఒకటి అడుగుతూ ఉంటాను.