మైకుకి రెండు వేళ్ళ దూరం

రెండేళ్ళ కిందట కార్తీకమాసంలో మా మావయ్యకి ఫోన్ చేసి "పత్తి తీశారా?" అని అడిగాను. "ఇప్పుడు కత్తెందుకురా?" అన్నాడు. గొంతు పెంచి మళ్ళీ అడిగాను. "అరవమాక! చెవులు పగులుతున్నయ్. నిదానంగా చెప్పు." నిదానంగా చెబితే, "ఆఁ? ఏందీ?" ఇక ఫోన్ అత్త చేతికి మారింది. ఆ తర్వాత నేను నేరుగా అత్త నంబరుకే చెయ్యడం మొదలుపెట్టాను. సులువు కదా. ఆయనతో నోరారా మాట్లాడి ఎన్నాళ్ళైందో లెక్క కూడా చూసుకోలేదు.

సిగ్గుపడాల్సిన సంగతేమిటంటే, అరిస్తే మాట తెలియదని నాకు నేర్పినవాడే ఆయన.

ఇవాళ మార్టూరులో బస్సు దిగితే ముందు కనపడేవి గ్రానైట్ ఫ్యాక్టరీలు, హైవే మీద లారీలు. తొంభైల్లో, సెలవులకి వెళ్ళే పిల్లాడిగా, నాకు ఆ ఊరంటే మావయ్య మైకుసెట్ల గది. అహూజా యాంప్లిఫయర్లు, గోడకి తగిలించిన హారన్లు, గంపెడు కాలిపోయిన యూనిట్లు, లెడ్డు కరిగిన వాసన. పెళ్ళిళ్ళు, శ్రీరామనవమి పందిళ్ళు, శివరాత్రికి కోటప్పకొండ వెళ్ళే ప్రభలు, ఎన్నికలు, అన్నిటికీ ఆయన మైకే. అన్నిట్లోకీ కష్టమైంది పద్యనాటకం అనేవాడు. హరిశ్చంద్రుడు పద్యం ఎత్తుకునేటప్పుడు మైకు దగ్గరే ఉంటాడు. రాగం పైకి తీసేటప్పుడు అనుభవమున్న నటుడైతే అరడుగు వెనక్కి జరుగుతాడు. కొత్తవాడు జరగడు. అందుకని మావయ్య స్టేజీ పక్కన కూచుని, చెయ్యి వాల్యూమ్ నాబ్ మీదే ఉంచి, రాగం రాబోయే ముందే కాస్త తగ్గించేవాడు. వచ్చాక తగ్గిస్తే ఏం లాభం, అప్పటికే హారన్ గర్రుమంటుంది. ఈ పని చెయ్యడానికి లిమిటర్ అనే సర్క్యూట్ ఒకటుందని నాకు ఇంజనీరింగ్ థర్డియర్లో తెలిసింది. మా మావయ్యకి పద్యాలు నోటికి వచ్చు, ఆ సర్క్యూట్‌కి రావు. అంతే తేడా.

అప్పుడప్పుడు టెస్టింగ్ నా చేతికిచ్చేవాడు. నేను మైకుని నోటికి అంటించుకుని వన్ టూ త్రీ అని అరిచేవాణ్ణి. "మింగుతావా ఏంది దాన్ని? రెండు వేళ్ళు ఎడం పెట్టు. ఊపిరి దాని మూతిమీద కొట్టకుండా పక్కగా మాట్లాడు." తను మాత్రం జనం మధ్యలోంచి నడుచుకుంటూ చివరి వరసదాకా పోయి నిలబడేవాడు. అక్కడ చాపమీద కూచున్న ముసలామెకి మాట తెలిస్తే సరే, లేకపోతే వెనక్కొచ్చి ఏదో ఒకటి తిప్పేవాడు. ఆ తిప్పడం ఎక్కువసార్లు తగ్గించడమే అయ్యేది.

ఇదంతా మర్చిపోయి, 2017లో ఆఫీసు పనిమీద ఒహాయోలో ఉన్నప్పుడు ఒక పాత సీబీ రేడియో కొన్నాను. సీబీ అంటే సిటిజన్స్ బ్యాండ్. 27 మెగాహెర్ట్జ్ దగ్గర 40 ఛానెళ్ళు, పరీక్షా లైసెన్సూ అక్కర్లేదు, ఏఎంలో అయితే 4 వాట్లు దాటకూడదు. 1973 చమురు సంక్షోభం తర్వాత డీజిల్ ఎక్కడ దొరుకుతుందో, పోలీసులు ఎక్కడ కాపేశారో చెప్పుకోడానికి అక్కడి లారీ డ్రైవర్లు దీన్ని తెగ వాడారు. 1977లో వచ్చిన 'స్మోకీ అండ్ ద బాండిట్' నిండా ఈ రేడియో కబుర్లే. (సినిమాగా గొప్పదేం కాదు. కళ్ళు మూసుకుని వింటే బావుంటుంది.) మన దేశంలోనూ 2005 నుంచి 26.957 – 27.283 మెగాహెర్ట్జ్ మధ్య 5 వాట్లదాకా లైసెన్స్ లేకుండా వాడుకోవచ్చు. అయినా మార్టూరు మీదుగా పోయే లారీలు హారన్‌తోనూ డిప్పర్‌తోనే మాట్లాడుకుంటాయి.

డ్రైవర్లుండే 19వ ఛానెల్లో పలకరిస్తే నాకెవరూ జవాబివ్వలేదు. నాలాంటివాడికి వెంటనే తట్టేది ఒకటే: పవర్ చాలట్లేదు. రేడియోతో వచ్చిన మైకు తీసేసి, లోపల బ్యాటరీతో సొంత యాంప్లిఫయర్ ఉండే పవర్ మైక్ తగిలించాను. దాని నాబ్ చివరిదాకా తిప్పాను. ఈసారి జవాబొచ్చింది: నువ్వు గట్టిగానే వస్తున్నావు బాబూ, ఒక్క ముక్కా అర్థం కావట్లేదు. రేడియోలోని లిమిటర్ తీసేస్తే ఇంకా గట్టిగా కొడుతుందని ఒకాయన సలహా ఇచ్చాడు. ఆయన మాట వినబోయి, కాస్త లెక్క వేశాను. వాట్లు నాలుగింతలు చేస్తే అవతలి రేడియోలో సిగ్నల్ చూపించే ఎస్ మీటరు పెరిగేది ఒక్క యూనిట్. ఇక మాట మాడ్యులేషన్‌ని నూరు శాతం దాటించిందంటే, క్యారియర్ మధ్యమధ్యలో పూర్తిగా తెగిపోతుంది. తెగిన అంచుల గోల పక్క ఛానెళ్ళ మీద పడుతుంది. అంటే వినాల్సినవాడికి మాట తెలియదు, అక్కర్లేనివాడికి మోత.

ఇంకో రిసీవర్లో నా గొంతు రికార్డ్ చేసి మావయ్యకి వాట్సాప్‌లో పంపాను. అప్పటికింకా ఫోన్లో బానే వినేవాడు. పది నిమిషాల్లో జవాబు: "యూనిట్ ఏడుస్తంది. సగానికి తగ్గించి రెండు వేళ్ళు జరుగు." పాత మైకే మళ్ళీ పెట్టి, గెయిన్ సగానికి దించి, మిగతా ఓపికంతా యాంటెన్నా సరిచెయ్యడం మీద పెట్టాను. ఆ శనివారం ఎవరో డ్రైవర్ నాతో ఒక ఇరవై మైళ్ళు వాళ్ళ కుక్క గురించి మాట్లాడాడు.

మావయ్య ఆడియోగ్రామ్‌ని అత్త ఈమధ్య ఫోటో తీసి పంపింది. 4 కిలోహెర్ట్జ్ దగ్గర గుంట. మోతలో బతికిన చెవుల్లో మొదట పోయేది ఆ చుట్టుపక్కలే. మాటలో బలమంతా అచ్చులది, అవి కిందుంటాయి. మాటకి మాటకి తేడా చెప్పే హల్లుల్లో చాలావాటి ఆనవాళ్ళు పైన, సన్నగా ఉంటాయి. అందుకే నా ప్రశ్నలో మిగిలింది "త్తి" ఒక్కటే. పైగా ఇలాంటి చెవికి మెల్లగా అంటే చేరదు, కాస్త పెంచితే గుచ్చుకుంటుంది. ఆ రెండిటి మధ్య చోటు ఇరుకైపోతుంది. నేను అరిచినప్పుడు పోయిన హల్లు తిరిగి రాలేదు, ఉన్న అచ్చులే ఇంకా లావెక్కాయి. ఫోన్లో నేను చేసింది పవర్ మైక్ పనే.

ఫిబ్రవరిలో వెళ్ళాను. దారి పొడుగునా కళ్ళాల్లో మిర్చి ఎర్రగా ఆరబోసి ఉంది. చెవి మిషన్ కొన్నారని తెలుసు, అది బీరువాలో ఉందని అక్కడికెళ్ళాక తెలిసింది. ఎందుకు పెట్టుకోవని కాగితం మీద రాసి చూపించాను. "ఈల వేస్తది. మైకుని తీసకపోయి హారన్ మూతికాడ పెట్టినట్టు" అన్నాడు. అని, తన మాట తనకే వినపడ్డట్టు ఆగాడు. మిషన్ తీసుకుని లైటు కింద అటూ ఇటూ తిప్పి చూశాడు. చెవిలోకి వెళ్ళే రబ్బరు తొడుగు వదులుగా ఉంది, లోపలి మోత సందులోంచి బయటికి కారి తిరిగి మైకులో పడుతోంది. డబ్బాలో ఇంకో రెండు సైజులున్నాయి. పెద్దది ఎక్కించాడు. ఈల ఆగింది.

మర్నాడు గుంటూరులో ఆడియాలజిస్టు దాన్ని కంప్యూటర్‌కి తగిలించి సన్న శబ్దాలని బాగా, పెద్దవాటిని కొంచెంగా పెంచింది. ఆమె అడక్కముందే మావయ్య చెబుతున్నాడు: "స గుచ్చుకుంటంది, కాస్త దించమ్మా. ఆ, అక్కడ. ఇంకొద్దు."

సాయంత్రం ఇంటికొచ్చాక నన్ను వాకిట్లో నిలబెట్టాడు. "అటు తిరుగు, నోరు చూసి చెప్పేస్తా. ఒక్కో అడుగు జరుగుతా ఒక్కో మాట చెప్పు. మామూలుగా." పత్తి అన్నాను. పత్తి అన్నాడు. కత్తి. గుత్తి. భక్తి. అత్త గుమ్మంలో నిలబడి చూస్తోంది. ఎనిమిదో అడుగు దగ్గర, వేపచెట్టు దాటాక, సుత్తి అన్నాను.

"బత్తి."

తల అడ్డంగా ఊపాను.

"ఆగు. మళ్ళీ చెప్పు. అరవమాక."